రక్తంలో ఏమీ లేదు

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పెళ్ళిచూపుల్లో ఈ మాట విని మా ఆయన ఏదో చదువుకున్న పిల్ల అనుకున్నారు పాపం. ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా సూది తీసే మనిషిని చేసుకున్నానని ఆయనకు పెళ్ళయ్యాకే తెలిసింది. తలనొప్పి అంటే రక్తం తీసేదాన్ని. నీరసం అంటే తీసేదాన్ని. ఆయన డ్యూటీ నుంచి చిరాగ్గా వస్తే "షుగరేమో చూద్దామా?" అనేదాన్ని. దాంతో ఆయన గుమ్మంలోకి వచ్చేసరికే నవ్వుమొహం పెట్టడం నేర్చుకున్నారు.

"మనిషి అబద్ధం చెప్తాడు, రక్తం చెప్పదు" అనేది ఆ రోజుల్లో నా సిద్ధాంతం. ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. బస్సులో పక్కసీటావిడకు కూడా చెప్పాను. ఆవిడ తర్వాతి స్టాపులో దిగిపోయింది. అక్కడే దిగాల్సిన మనిషో, నా మాటకు భయపడి దిగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మేముండేది కొండపల్లిలో. మా ఆయనకు థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. నా ల్యాబేమో విజయవాడలో, డాక్టర్ల బోర్డులు వరసగా ఉండే ఒక వీధిలో, మేడ కింద రెండు గదులు. ఒక మైక్రోస్కోపు, ఒక సెంట్రిఫ్యూజు, గాజుగొట్టాలు, రంగురంగుల సీసాలు, పొద్దున్నే రిపోర్టుల మీద సంతకాలు పెట్టే డాక్టరుగారు ఒకరు. మిగతా రాజ్యమంతా నాదే. రోజూ బస్సెక్కి వెళ్ళి, బస్సెక్కి వచ్చేదాన్ని. ఆ వీధిలో పేషెంట్లు నన్ను "మేడమ్" అనేవాళ్ళు. ఆ పిలుపు ఇంటికొచ్చాక కూడా నా నెత్తి మీంచి దిగేది కాదు.

మామగారు పోయాక అత్తగారు కంకిపాడు దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. సగం జీవితం వరినాట్లలో, బురదలో నడుం వంచి గడిపిన మనిషి. ఎత్తుగా, గట్టిగా ఉండేవారు. గొంతు కూడా గట్టిదే. వచ్చిన ఏడాదికల్లా మా చర్చిలో గురువారం జరిగే స్త్రీల కూడికకు ఆవిడే పెద్ద అయ్యారు. కాలనీలో అందరూ "అమ్మగారు" అనేవాళ్ళు. నన్ను "అమ్మగారి కోడలు" అనేవాళ్ళు. విజయవాడలో మేడమ్‌ని, కొండపల్లిలో ఫలానావారి కోడల్ని. ఇది నాకు కొంచెం గుచ్చుకునేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మా చర్చిలో ఆడవాళ్ళం చాపల మీద కూర్చుంటాం. ప్రార్థన అనగానే అందరం మోకరించాలి. ప్రార్థన చేసే మనిషి ముందు మోకరిస్తుంది, చివర్న లేస్తుంది. మా అత్తగారు మోకాళ్ళ మీద ఉండి అరగంట ప్రార్థన చేయగలరు. కాలనీలో ఉన్న రోగులు, పరీక్ష రాసే పిల్లలు, బదిలీల కోసం చూసేవాళ్ళు అందరూ అందులోకి వచ్చేసేవారు. మేమే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, ఎప్పుడు "ఆమెన్" అంటారా అని ఒక కన్ను తెరిచి చూసేవాళ్ళం.

అలాంటి మనిషి ఒకరోజు మోకాళ్ళు నొప్పి అన్నారు. ముందు మెట్లు దిగేటప్పుడు అన్నారు. తర్వాత కత్తిపీట ముందు కూర్చోలేనన్నారు. కూరలు తరగడం నా మెడకు చుట్టుకుంది. పొద్దున్నే ఏడున్నర బస్సు అందుకోవాల్సిన దాన్ని, గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తూ కూర్చుంటే అరికాలి మంట నెత్తికెక్కేది. అదే సమయంలో ఆవిడ గురువారం కూడికలో గంటసేపు నిలబడి వాక్యం చెప్పేవారు. నిలబడితే రాని నొప్పి కత్తిపీట దగ్గరే ఎందుకొస్తుందని నాకు అనుమానం. ఎద్దు పుండు కాకికి నొప్పా? కాకికి పైగా డిప్లొమా కూడా ఉంది.

కొన్నాళ్ళకు చర్చిలో తన కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. ప్రార్థన కుర్చీలో కూర్చునే చేయడం మొదలుపెట్టారు. నేను సిద్ధాంతం బయటికి తీశాను.

"అత్తయ్యా, రేపు పరగడుపున ఉండండి. రక్తం తీస్తాను."

"తియ్యి అమ్మాయ్. నీకు తెలియందేముంది" అన్నారు ఆవిడ. ఆ మాట మెచ్చుకోలని అప్పుడు అనుకున్నాను.

పొద్దున్నే తీశాను. గొట్టాలకు పేరు రాసి, రుమాల్లో చుట్టి, టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని బస్సెక్కాను. ల్యాబ్‌లో నాకు తెలిసిన కీళ్ళ పరీక్షలన్నీ చేశాను. సన్నటి గాజుగొట్టంలో రక్తం గంటసేపు నిలబెట్టి ఎంత కిందికి దిగుతుందో చూశాను. వాపు ఉంటే ఎక్కువ దిగాలి. దిగలేదు. యూరిక్ ఆసిడ్ చూశాను. బాగానే ఉంది. కీళ్ళవాతానికి చేసే ఆర్ఏ పరీక్షలో స్లైడు మీద చుక్క కలిపి అటూ ఇటూ వంచాను. అది పాజిటివ్ అయితే రవ్వలా విరగాలి. పాలలాగా అలాగే ఉంది. అన్నీ నార్మల్. నేను సంతోషించాను. ఆవిడకు జబ్బు లేదని సంతోషించానంటే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. నా అనుమానం నిజమైందని సంతోషించాను.

డాక్టరుగారు సంతకం పెడుతూ, "ఎవరికమ్మా? మీ అత్తగారికా? నొప్పి ఉందంటే ఎముకల డాక్టరుకి చూపించు. ఒక ఎక్స్‌రే తీయించు" అన్నారు. తలూపాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఖాయం చేసుకున్నాక నాలుగో కాలి కోసం ఎక్స్‌రే ఎందుకు?

రాత్రి భోజనాల దగ్గర రిపోర్టు తీర్పులాగా చదివాను. ఆవిడ కంచంలో చెయ్యి అలాగే పెట్టి విన్నారు.

"అయితే మంచిదేగా" అన్నారు. తర్వాత ముద్ద కలుపుతూ, "మరి నొప్పెందుకు వస్తంది అమ్మాయ్?" అన్నారు.

"అది మీరే చెప్పాలి అత్తయ్యా" అన్నాను.

మా ఆయన నా వంక చూశారు. నేను ఆయనకు పెరుగు వడ్డించాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మరుసటి గురువారం ల్యాబ్‌కు సెలవు కావడంతో నేనూ కూడికకు వెళ్ళాను. అయ్యాక పాస్టరమ్మగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "అమ్మగారు కుర్చీలో ప్రార్థన చేస్తన్నారు, మోకాళ్ళు బాగా నొప్పా అండీ? మీరు పెద్ద ల్యాబ్‌లో చేస్తారుగా, ఏమైనా చూశారా?" అని అడిగారు. పెద్ద ల్యాబ్ అనేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు.

"అన్నీ చేశానండీ. రక్తంలో ఏమీ లేదు. అంతా నార్మల్. కొంచెం వయసు, కొంచెం మనసు, అంతే" అన్నాను.

"మనసు" అనే మాట దగ్గర నవ్వాను కూడా. నా వెనకే మా అత్తగారు పాటల పుస్తకాలు సర్దుతున్నారని తల తిప్పాక చూశాను. ఆవిడ పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు బజార్లో వంకాయలు ఎలా ఉన్నాయో మాట్లాడారు.

ఆ ఆదివారం కుర్చీ గోడకు ఆనించి ఉంది. ఆవిడ చాప మీద మోకరించారు. ప్రార్థన అయ్యాక ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని లేపారు. ఆవిడ మొహం కాసేపు తెల్లగా ఉంది. నేను మా ఆయన దగ్గరికెళ్ళి, "చూశారా? రిపోర్టు చూపిస్తే చాలు, సగం జబ్బులు పోతాయి" అన్నాను. ఇలాంటి మాటలు అన్నవాళ్ళకు వెంటనే నాలుక కరుచుకునే ఏర్పాటు సృష్టిలో ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి రెండేళ్ళకు పైగా ఆవిడ మోకరిస్తూనే ఉన్నారు. కత్తిపీట ముందు కూడా కూర్చున్నారు. నొప్పి అనే మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మధ్య మధ్యలో రక్తం తీసి, మళ్ళీ అన్నీ నార్మల్ అని ఫైల్లో పెట్టేదాన్ని. ఏడు రిపోర్టులయ్యాయి. ల్యాబ్‌కు వచ్చే మోకాళ్ళ పేషెంట్లకు మా అత్తగారిని ఉదాహరణగా చెప్పేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం పొద్దున ఆవిడ మంచం దిగలేకపోయారు. కుడి మోకాలు బొండంలా వాచింది. చీర కుచ్చిళ్ళు తగిలినా ఒళ్ళు బిగుసుకుపోతోంది. మా ఆయన సెలవు పెట్టి కారు మాట్లాడారు. మా ల్యాబ్‌కు మూడు మేడల అవతలే ఎముకల డాక్టరుగారు ఉన్నారు. ఇన్నేళ్ళు రోజూ ఆయన బోర్డు ముందు నుంచే నడిచాను. నేను ఫైలు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

"సార్, అన్ని పరీక్షలూ నేనే చేశానండీ. రక్తంలో ఏమీ లేదు" అన్నాను, ఆయన అడక్కముందే.

ఆయన ఫైలు తీసుకుని, తెరవకుండా బల్ల మీద పక్కన పెట్టారు. ఆవిడ వాపు లేని ఎడమ మోకాలి మీద అరచెయ్యి పెట్టి, కాలు మెల్లగా వంచి చాపారు. గదిలో ఉన్న నలుగురికీ లోపల్నుంచి కరకర వినిపించింది. ఎక్స్‌రే తీయించారు. అరగంటలో అది తడితడిగా వచ్చింది. వెలుతురుకు పట్టుకుని చూపించారు.

"ఇదిగోనమ్మా, ఈ రెండెముకల మధ్య సందుండాలి. లోపల గుజ్జు అరిగిపోయింది. ఎముక ఎముకను రాసుకుంటోంది. ఇది ఒక్క రోజులో అయ్యేది కాదు. ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

మా అత్తగారు ఆయన వంక కాదు, నా వంక చూశారు.

"ఈ మధ్యేనండీ" అన్నారు.

"మరి రక్తంలో..." అన్నాను నేను. అలవాటైన నోరు ఊరుకోలేదు.

"రక్తంలో ఎందుకు కనబడుద్దమ్మా? తలుపు కీలు అరిగిందని కరెంటు మీటరు చూస్తే తెలుస్తుందా?"

కరెంటు ఉద్యోగి అయిన మా ఆయన నేల చూపులు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మోకాల్లో చేరిన నీరు డాక్టరుగారు సిరంజితో తీసి, గొట్టంలో పోసి నా చేతికే ఇచ్చారు. "ఇన్ఫెక్షన్ లేదని ఒకసారి చూడండి. మీ ల్యాబేగా." నేను ఆ గొట్టం పిడికిట్లో పట్టుకుని మూడు మేడలు నడిచాను. అది ఇంకా వెచ్చగా ఉంది. నువ్వులనూనె రంగులో, తేటగా ఉంది.

కీలు నీటికి మొదట చేసే పరీక్షకు మెషీన్ అక్కర్లేదు. గ్లవుజు తొడిగిన వేళ్ళ మధ్య ఒక చుక్క వేసి, వేళ్ళు విడదీసి, తీగ ఎంత సాగుతుందో చూడాలి. మా అత్తగారు అరిసెల పాకం చూసేదీ అచ్చం ఇలాగే. తీగ సాగింది, కానీ సాగాల్సినంత సాగకుండా తెగింది. తర్వాత కణాలు లెక్కపెట్టాలి. రక్తానికి వాడే ద్రవంలో ఆసిడ్ ఉంటుంది, దాన్ని కీలు నీటిలో కలిపితే గడ్డ కడుతుంది. దీనికి ఉప్పునీరే వాడాలని ట్రెయినింగుకు వచ్చే పిల్లలకు ప్రతి ఏడాదీ పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ రోజు నా చేతులే రక్తం సీసా అందుకున్నాయి. కలపగానే పెరుగులా విరిగింది. పదేళ్ళ అనుభవం! ఇంకొంచెం మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. ఉప్పునీళ్ళతో మళ్ళీ చేశాను. కణాలు తక్కువే. ఇన్ఫెక్షన్ లేదు. స్ఫటికాలు లేవు. ఈ నీరు కూడా ఇంచుమించు నార్మలే. ఒక్క నిమిషం నా పాత బుద్ధి "చూశావా" అంది.

అడుగున తేరిన దాన్ని ఒక చుక్క స్లైడు మీద వేసి చూశాను. గాజుపెంకుల్లా పల్చటి ముక్కలు, అంచులు పీచుపీచుగా, అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. ఏమిటో అర్థం కాక, రిపోర్టుల మీద సంతకాలు పెట్టే మా డాక్టరుగారిని పిలిచాను. ఆయన వంగి చూశారు.

"గుజ్జు ముక్కలమ్మా ఇవి. కీలు లోపలి నుంచి రాలినవి."

మా అత్తగారి మోకాలు ముక్కలు ముక్కలుగా నా స్లైడు మీద ఉంది. రెండేళ్ళ పాటు ఆదివారం ఆదివారం చాప మీద అరిగిన మోకాలు. ఆవిడ తెల్లబడ్డ మొహం చూసి నేను అన్న మాట గుర్తొచ్చింది. నామీద నాకు అసహ్యం వేసింది. ఏడుపొచ్చింది. కన్నీళ్ళు లెన్సు మీద పడితే పాడవుతుందని తల పక్కకు తిప్పి ఏడ్చాను. టెక్నీషియన్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

కాసేపయ్యాక డాక్టరుగారిని అడిగాను. "సార్, ఇవేమీ రక్తంలోకి రావా?"

"ఎందుకు రావు? అరిగిపోయేటప్పుడు విడిపోయే సన్నటి పదార్థాలు రక్తంలోకి వెళ్తాయి, మూత్రంలోకి వెళ్తాయి. వాటిని కొలిచే పరీక్షల మీద బయటి దేశాల్లో పని చేస్తున్నారు, పత్రికల్లో చదువుతుంటాను. మన దగ్గర ఆ కిట్లు లేవు. ఒకవేళ వచ్చినా గుజ్జు ఎంత అరుగుతోందో చెప్తాయేమో గానీ, ఆవిడకి ఎంత నొప్పో చెప్పవు. అది ఆవిణ్ణే అడగాలి."

అంటే రక్తంలో ఏమీ లేదన్న నా మాట కూడా తప్పే. ఉంది. నా దగ్గరున్న నాలుగు సీసాలకు అందలేదు, అంతే. ఆవిణ్ణి అడగడానికైతే సీసా కూడా అక్కర్లేదు.

మాత్రలు, కట్టు, మూడు వారాల విశ్రాంతి తర్వాత ఆవిడ కర్ర పట్టుకుని లేచారు. మొదటి గురువారం నేను సెలవు పెట్టి కూడికకు వెంట వెళ్ళాను. గోడకు ఆనించి ఉన్న కుర్చీ తెచ్చి ముందు వేశాను. మా కూడికలో ప్రార్థనకు ముందు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. దేవుడు తమకు చేసిన మేలు నలుగురి ముందు చెప్పడం మా అలవాటు. నేనెప్పుడూ చెప్పినదాన్ని కాదు. ఆ రోజు లేచాను.

"అందరికీ వందనాలండీ. రెండేళ్ళ కిందట ఇక్కడే నేనొక మాట అన్నాను. అమ్మగారి రక్తంలో ఏమీ లేదు, మనసులో ఉందని అన్నాను. ఆవిడ మోకాల్లో నీళ్ళు నా చేత్తో నేనే పరీక్ష చేశానండీ. దాంట్లో కార్టిలేజ్ ముక్కలున్నాయి."

"స్తోత్రం!" అంది ముందు వరసలో ఒక ముసలావిడ భక్తిగా.

"కార్టిలేజ్ అంటే గుజ్జండీ" అన్నాను తడబడి.

"స్తోత్రం" అన్నారు ఈసారి ముగ్గురు.

ఇంక ఆగలేదు. "ఆవిడ నొప్పి నిజమండీ. నేను పరీక్ష తప్పు చేయలేదు, మనిషిని తప్పుగా చూశాను. నన్ను క్షమించమని మీ అందరి ముందూ ఆవిణ్ణి అడుగుతున్నాను" అని కూర్చున్నాను. పాస్టరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. మా అత్తగారు మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూర్చునే, ఎప్పటికంటే చిన్న ప్రార్థన చేశారు. అందరూ ఆశ్చర్యంగా కళ్ళు తెరిచారు.

ఇంటికి నడుస్తుంటే దారిలో ఆవిడ అన్నారు.

"ఇంతమందిలో నా మోకాలి నీళ్ళ సంగతి చెప్పాలా అమ్మాయ్? ఇంక నేను అరిసెలు చేస్తే ఎవరన్నా తింటారా?"

అరిసెల పాకం పోలిక నేను ఇంట్లో మా ఆయనకు చెప్పిందే. విన్నారన్నమాట. నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఇన్నాళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"మరి అంత నొప్పి పెట్టుకుని రెండేళ్ళు ఎందుకు మోకరించారు అత్తయ్యా? కుర్చీ ఉంది కదా. నువ్వు చెప్పింది తప్పని ఒక్క మాట నా మొహాన అనొచ్చు కదా?"

ఆవిడ కర్ర ఆనించి ఆగారు.

"నువ్వు పదిమందిలో చెప్పావుగా, ఏమీ లేదని. నేను కుర్చీలో కూర్చుంటే నీ మాట అబద్ధమైపోద్ది. ల్యాబ్‌లో చేసే పిల్ల మాట అబద్ధమని నలుగురూ అనుకుంటే, రేపు నీ చేతికి రక్తం ఎవరిస్తారే?"

మా ఇంటి ముందు మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు దగ్గర ఆవిడ కర్ర నా చేతికిచ్చి, నా భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ మా ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో తన బరువు నా మీద వేయడం అదే మొదటిసారి. మూడు మెట్లూ ఎక్కేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను.

"కంగారు పడమాక. చిన్నగా ఎక్కు" అన్నారు ఆవిడ నాతో.